1147 నంబరు బిళ్ళ

1979 మార్చి 14, బుధవారం, ఉదయం 10:40కి ద్రోగోవా బొగ్గు గనిలో 620 మీటర్ల లోతున నాలుగో సెక్షన్ పైకప్పు కూలింది. ల్యాంప్ రూమ్ బోర్డు ప్రకారం లోపల చిక్కుకున్నవాళ్ళు నలుగురు. నాలుగో మనిషి నంబరు 1147. ఆ నంబరు ఎవాల్డ్ గావ్లిక్‌ది. ఆ సమయానికి ఎవాల్డ్ గావ్లిక్ గని క్లబ్బు మైదానంలో పెనాల్టీలు కొడుతున్నాడు.

అతనికి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. క్లబ్బు ఫుట్‌బాల్ జట్టులో స్ట్రైకర్. కాగితాల మీద మాత్రం నాలుగో సెక్షన్‌లో బొగ్గు కొట్టే కార్మికుడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడటం ఉద్యోగం కాదు. జట్టు గనిదైతే ఆటగాళ్ళు గని మస్టర్‌లో ఉండేవాళ్ళు. ద్రోగోవాలో ఈ సంగతి తెలియనివాడు లేడు, తప్పనుకున్నవాడూ లేడు.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. బిళ్ళ ‘కింద’ అని రాసిన బోర్డుకి ఎక్కుతుంది. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి కిందే ఉన్నట్టు. ఆ మనిషి బతికో చచ్చో కంటబడేదాకా రెస్క్యూ దళం వెతుకుతూనే ఉంటుంది. ఆటగాళ్ళ బిళ్ళలు పద్నాలుగు, నాలుగో సెక్షన్‌ కింద ఉన్నది ఎవాల్డ్‌ది ఒక్కటే. వాటిని పొద్దున ఆరింటికి ల్యాంప్ రూమ్ గుమాస్తా రూఫిన్ ముషోవ్ తన చేత్తో ‘కింద’ బోర్డుకి తగిలించేవాడు, మధ్యాహ్నం రెండింటికి తీసేసేవాడు. తనిఖీకి ఎవరొచ్చినా మస్టరూ బోర్డూ సరిపోయేవి. పదకొండేళ్ళు అలా నడిచింది.

ఆ బుధవారం ఒంటిగంటలోపు ముగ్గురిని పైకి తెచ్చారు. ఇద్దరు బతికున్నారు. 1147 దొరకలేదు. రెస్క్యూ దళం ఇంకా లోపలికి వెళ్ళింది. 3:20కి రెండోసారి కూలింది. దళంలో అలోయ్ కుచెరా అనే ముప్ఫై నాలుగేళ్ళ మనిషి పోయాడు. 4:10కి రూఫిన్ 1147 బిళ్ళని బోర్డు మీంచి తీశాడు.

శనివారం పొద్దున కుచెరా అంత్యక్రియలు జరిగాయి. మధ్యాహ్నం మ్యాచ్ జరిగింది. ఆటగాళ్ళు చేతికి నల్ల పట్టీ కట్టుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. ఎవాల్డ్ రెండు గోల్స్ కొట్టాడు. గోల్ కొట్టినప్పుడల్లా పారతో బొగ్గు ఎత్తిపోస్తున్నట్టు చేతులు ఊపడం అతనికి అలవాటు. మొదటి గోల్‌కి ఆ అలవాటే చేతుల్ని ఊపింది. ఊపాక కాని తెలియలేదు. జనం లేచి నిలబడి ఏడ్చారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వేసి, కింద ‘గోల్ కుచెరాకి’ అని రాశారు. అలా అని ఎవాల్డ్ ఎవరితోనూ అనలేదు. కాదని కూడా అనలేదు. రెండో గోల్‌కి చేతులు కదపలేదు, ఆ తరవాత ఏ గోల్‌కీ కదపలేదు.

ఆ క్లబ్బుకి మొత్తం 131 గోల్స్ కొట్టాడు. జాతీయ జట్టుకి తొమ్మిది మ్యాచ్‌లు ఆడి రెండు కొట్టాడు. బెల్జియంలో రెండో డివిజన్‌లో మూడు సీజన్లు ఆడి, మోకాలు పోగొట్టుకుని ద్రోగోవా తిరిగొచ్చాడు. పంతొమ్మిదేళ్ళు కుర్ర జట్టుకి కోచ్‌గా ఉన్నాడు. గని 2011లో మూతపడింది. ఊళ్ళో అతన్ని ఇప్పటికీ మన గని మనిషి అనే పరిచయం చేస్తారు. అతను గనిలోకి దిగింది ఒక్కసారి, 1974లో, క్యాలెండర్ ఫోటో కోసం, నలభై నిమిషాలు.

2019 నవంబర్ 27న క్లబ్బు కార్యదర్శి దారియుష్ అతనికి ఫోన్ చేశాడు. డిసెంబర్ 4న, గనివాళ్ళ దేవత సెయింట్ బార్బరా పండగ సాయంత్రం, తూర్పు స్టాండుకి అతని పేరు పెడుతున్నట్టు అప్పటికే అందరికీ చెప్పేశారు. ఇప్పుడు ఇంకో కబురు. క్లబ్బు మ్యూజియం పెడుతోంది. ల్యాంప్ రూమ్ పాత సామానులో ఆటగాళ్ళ బిళ్ళలు దొరికాయి. ఎవాల్డ్ బిళ్ళని పేరుతో, నంబరుతో అద్దాల పెట్టెలో పెట్టి ఆ సాయంత్రమే హాల్లో చూపిస్తారు.

“1147 మీదే కదా, ఎవాల్డ్ గారూ? రిజిస్టర్లో సరిచూశాను.”

తనదేనని ఎవాల్డ్ అన్నాడు.

అలోయ్ కుచెరా భార్య హిల్డా చర్చి వెనక వీధిలో ఉంటుంది. డెబ్బై ఒక్క ఏళ్ళు. భర్త పోయాక గనివాళ్ళు ఆమెకి క్లబ్బు లాండ్రీలో పని ఇచ్చారు. ఎవాల్డ్ బెల్జియం వెళ్ళేదాకా నాలుగేళ్ళు అతని జెర్సీ ఆమే ఉతికింది. ప్రతి ఏడూ పండగ సాయంత్రం హాల్లో మూడో వరసలో, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి కేటాయించిన కుర్చీల్లో కూర్చుంటుంది. ఆ అద్దాల పెట్టె ఆమె కంట పడక మానదు. దానికంటే ముందు తనే వెళ్ళి చెప్పాలనుకున్నాడు ఎవాల్డ్.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళాడు. ఆమె చేతికి పిండి అంటుకుని ఉంది.

“కాళ్ళు తుడుచుకుని రా. ఆ కాళ్ళకి ఊరంతా దండం పెడుతుందేమో, నా గచ్చు పెట్టదు.”

అతను తుడుచుకున్నాడు. వంటింట్లో కూర్చోబెట్టి, గసాలు కూరిన రొట్టె కోసి ముందు పెట్టింది. మొహం అలా ఉందేమని అడిగింది. పెనాల్టీ బారు మీంచి కొట్టినట్టుందంది. అతను ఏదో అనబోయి తల ఎత్తాడు. పొయ్యి పక్క గోడకి పేపర్లోంచి కత్తిరించిన ఫోటో అద్దం వేసి ఉంది. పార ఊపుతున్నట్టు రెండు చేతులు, నల్ల పట్టీ. కాగితం పసుపు పచ్చగా మారింది. ‘గోల్ కుచెరాకి’ అన్న అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి.

నాలుగేళ్ళు జెర్సీలు తీసుకున్నది లాండ్రీ కిటికీ దగ్గర. ఆ ఇంటి వంటింట్లోకి అతను రావడం అదే మొదలు.

స్టాండుకి పేరు పెడుతున్నందుకు తనకి సంతోషంగా ఉందని హిల్డా చెప్పింది. ఆ శనివారం మ్యాచ్‌కి అలోయ్ టికెట్ కొనుక్కున్నాడని, ఆ టికెట్ ఆయన కోటు జేబులోనే పెట్టి సమాధి చేయించానని చెప్పింది. తరవాత సొరుగు లాగి మడత పెట్టిన కాగితం తీసింది. రెస్క్యూ స్టేషన్ ఇచ్చిన మరణ నివేదిక. అందులో ఒక చోట వేలు పెట్టి చూపించింది: ‘1147 నంబరు కార్మికుని కోసం వెతుకుతుండగా’.

“పేరడిగితే చెప్పలేదు వాళ్ళు. మనిషి బతికే ఉన్నాడమ్మా, వేరే గనికి వెళ్ళిపోయాడు అన్నారు. ఎప్పటికైనా వస్తాడనుకున్నా. రాలేదు. సిగ్గుపడ్డాడేమో పాపం. నాకేం కోపం లేదు, ఎవాల్డూ. మా ఆయన ఊరికే పోలేదు. ఒకణ్ణి బతికించి పోయాడు. ఏటా వాడి పేర కూడా ఒక కొవ్వొత్తి వెలిగిస్తా, పేరు తెలీదు కాబట్టి నంబరు చెప్పి.”

ఎవాల్డ్ రొట్టె తిన్నాడు. రెండో ముక్క పెడితే అదీ తిన్నాడు. మిగిలింది ఆమె కాగితంలో చుట్టి ఇస్తే తీసుకుని ఐదున్నరకి బయటికి వచ్చాడు. చెప్పడానికి వెళ్ళిన మాట చెప్పలేదు.

మర్నాడు సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమానికి రూఫిన్‌ని చూడటానికి వెళ్ళాడు. రూఫిన్‌కి ఎనభై నాలుగు. చూపు తగ్గింది, అడుగుల చప్పుడుతో మనిషిని పోల్చుకుంటాడు.

“ఎడం కాలు ఈడుస్తున్నావు. ఎవాల్డుగాడివేనా?”

“నేనే బాబాయ్.”

ఆ బిళ్ళ తనది కాదని, రిజిస్టర్లో తప్పు పడిందని ఒక ముక్క రాసివ్వగలవా అని అడిగాడు. రూఫిన్ మాట్లాడిందంతా ఆ బుధవారం గురించే. ఎవాల్డ్‌కి తెలియనిది అందులో ఏమీ లేదు.

కప్పు కూలగానే రూఫిన్ డైరెక్టర్ దగ్గరికి పరిగెత్తాడు. 1147 దొంగ బిళ్ళ, దాన్ని జాబితాలోంచి తీయించండి అన్నాడు. ఆ రోజు కాటోవిట్సే నుంచి వచ్చిన తనిఖీ అధికారి డైరెక్టర్ గదిలోనే ఉన్నాడు. తర్వాత చూద్దాం, నేను చెప్తాను అన్నాడు డైరెక్టర్. చెప్పలేదు. రూఫిన్ బోర్డు దగ్గరికి వెళ్తే డైరెక్టర్ వెనకే వచ్చి నిలబడ్డాడు. పక్క ఊరి నుంచి దిగిన రెస్క్యూ అధికారికి నంబర్లే తెలుసు, మనుషులు తెలియరు. 12:05కి రూఫిన్ ఎవరికీ చెప్పకుండా క్లబ్బుకి ఫోన్ చేసి ఎవాల్డ్‌ని పిలిపించాడు. నీ కోసం మనుషుల్ని దింపుతున్నారు, వచ్చి గేటు దగ్గర నిలబడు, నువ్వేం మాట్లాడక్కర్లేదు, నీ మొహం కనపడితే చాలు అన్నాడు.

ఎవాల్డ్ వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి జట్టు మేనేజర్‌కి చెప్పాడు. మర్నాడు వార్సాలో జాతీయ జట్టు క్యాంపు ఉంది. ఎవాల్డ్‌ని మొదటిసారి పిలిచారు. బిళ్ళ గొడవ బయటపడితే క్యాంపు ఉండదు, డైరెక్టర్ ఫోన్ చేసేదాకా కదలకు అన్నాడు మేనేజర్. ఎవాల్డ్ కదల్లేదు. డైరెక్టర్ ఫోన్ చేయలేదు. 3:50కి తనంతట తనే లేచి నడుచుకుంటూ వెళ్ళాడు. గేటు దగ్గర అప్పటికే ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. రూఫిన్ అతన్ని చూసి లోపలికి వెళ్ళి బిళ్ళ తీశాడు. ఆ మర్నాడు ఎవాల్డ్ వార్సా రైలెక్కాడు, శుక్రవారం రాత్రికి తిరిగొచ్చాడు.

“ఇప్పుడు నన్ను అబద్ధం రాయమంటున్నావు,” అన్నాడు రూఫిన్. “రాయనురా. ముగ్గురు పిల్లలున్నారని ఆ రోజు నోరు మూసుకున్నా. అది నా పాపం. ఫాదర్ దగ్గర మోకరించి చెప్పుకున్నా. నీది ఎవరికి చెప్పుకున్నావు?”

ఎవరికీ చెప్పలేదని ఎవాల్డ్ అన్నాడు. భార్యకి కూడా చెప్పలేదు. ఆమె 2014లో పోయింది.

సోమవారం క్లబ్బుకి వెళ్ళి బిళ్ళ వద్దని దారియుష్‌కి చెప్పాడు. ఆటగాణ్ణి ఆటతో గుర్తు పెట్టుకోవాలి, బూట్లు పెట్టండి అన్నాడు. దారియుష్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అతను పుట్టేనాటికి అలోయ్ కుచెరా పోయి రెండేళ్ళు. బూట్లయితే ఇంకా బాగుంటుందన్నాడు. ఎంత అణకువండీ మీకు అని కూడా అన్నాడు. బిళ్ళని కవరులో వేసి ఎవాల్డ్ చేతిలో పెట్టాడు.

గండం గడిచింది. హిల్డాకి తెలిసే దారి ఇంకేం లేదు. ఎవాల్డ్ కవరు కోటు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. దాన్ని చెత్తబుట్టలో వేయబోయాడు, వేయలేదు. చెరువులో పడేద్దామని మంగళవారం చెరువు దాకా వెళ్ళాడు. నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. తిరిగి వచ్చాడు.

డిసెంబర్ 4, బుధవారం, పొద్దున ఆరింటికి గని బ్యాండు కాలనీ వీధుల్లోకి వచ్చింది. గని మూతపడినా బ్యాండు ఉంది. పండగ పొద్దున ఇంటింటి ముందూ ఆగి వాయించి లేపడం వాళ్ళ పని. ఎవాల్డ్ అప్పటికే లేచి గనివాళ్ళ నల్ల దుస్తులు వేసుకుని, నల్ల ఈకల కుచ్చున్న టోపీ పెట్టుకుని కిటికీ దగ్గర ఉన్నాడు. బ్యాండు అతని కిటికీ కింద ఆగింది. మామూలుగా ఒక పాట. అతనికి రెండు వాయించారు. బ్యాండు మాస్టరు టోపీకి చెయ్యి ఆనించి, ఇవాళ నీ రోజు, ఎవాల్డూ, అని కేకేశాడు. కింద ఇంటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

బ్యాండు చర్చి వెనక వీధికి మళ్ళింది. ఎవాల్డ్ మెట్లు దిగి దాని వెనకే నడిచాడు. హిల్డా ఇంటి ముందు వాళ్ళు వాయిస్తున్నంతసేపూ అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడ్డాడు. బ్యాండు వెళ్ళాక తలుపు కొట్టాడు. టైము 6:40.

హిల్డా శాలువా కప్పుకుని తలుపు తీసింది. చర్చికి ఇంకా టైముంది కదా అంది. అతను వంటింట్లోకి వచ్చి, కవరులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్ళజోడు వెతికి పెట్టుకుంది. నంబరు చదివింది. సొరుగులోంచి కాగితం తీసి పక్కన పెట్టి, రెండూ మళ్ళీ చదివింది.

“ఎక్కడ దొరికింది? ఎవరిదిది?”

“నాది.”

“నువ్వు ఆ రోజు కింద ఉన్నావా?”

“లేను, హిల్డా గారూ. గ్రౌండులో ఉన్నాను. మా బిళ్ళలు ఊరికే తగిలించేవాళ్ళు. మీకు తెలుసు.”

ఆమె కుర్చీ పట్టుకుంది, కూర్చోలేదు.

“ముందు ఆ టోపీ తియ్.”

అతను తీశాడు. పెట్టడానికి చోటు కనపడక చేత్తోనే పట్టుకున్నాడు. ఫోన్ సంగతి చెప్పాడు. మేనేజర్ సంగతి చెప్పాడు. వార్సా క్యాంపు సంగతి చెప్పాడు. ఆమె అన్నీ విని, ఒక్కొక్కటే అడిగింది.

“గ్రౌండు నుంచి గేటుకి ఎంత దూరం?”

“కిలోమీటరున్నర.”

“నువ్వు పరిగెడితే?”

“ఆరు నిమిషాలు.”

“ఫోనొచ్చింది పన్నెండుకి. నాలుగింటి దాకా ఏం చేశావు?”

“భోంచేశాను.”

“ఏం పెట్టారు?”

“జురెక్ పులుసు.”

“తినబుద్ధయిందా?”

“రెండోసారి వడ్డించుకున్నాను.”

హిల్డా బిళ్ళని వేలితో తిరగేసింది. వెనక ఏమీ లేదు.

“మొన్న వచ్చింది ఇది చెప్పడానికేనా?”

“అవును.”

“నా రొట్టె తిని వెళ్ళావు.”

కొవ్వొత్తుల సంగతి ఆమె ఎత్తలేదు. ఫోటో వైపు చూడలేదు. కాసేపటికి పొయ్యి మీద పాలు పొంగితే దించింది. వీపు ఇటు పెట్టే మాట్లాడింది.

“నా ఒక్కదాని చెవిలో వేసి బరువు దించుకుందామనుకున్నావు. వంటింట్లో చెప్తే ఎవరికి చెప్పినట్టు? ఇన్నేళ్ళూ హాల్లో చప్పట్లు కొట్టించుకున్నావు. అక్కడ చెప్పు. పులుసుతో సహా చెప్పు.”

చెప్తానని అతను అన్నాడు. బిళ్ళ ఆమె దగ్గరే ఉంచుకుంది. అతను బయటికి వచ్చాక టోపీ పెట్టుకోలేదు. ఎనిమిదింటికి చర్చికి వెళ్ళిన ఊరేగింపులో 160 మంది నడిచారు. టోపీ చేతిలో పట్టుకుని నడిచినవాడు అతనొక్కడే. చలికి చెవులు వాచిపోతాయి, పెట్టుకోవయ్యా, అని పక్కవాడు రెండుసార్లు అన్నాడు.

సాయంత్రం హాల్లో 240 మంది ఉన్నారు. 6:35కి దారియుష్ అతన్ని వేదిక మీదికి పిలిచాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు, పాత మ్యాచ్‌ల పాట ఎత్తుకున్నారు. అది అయ్యేదాకా ఎవాల్డ్ ఆగాడు. హిల్డా మూడో వరసలో, చివరి కుర్చీలో, కోటు విప్పకుండా కూర్చుని ఉంది.

అతను మాట్లాడింది మూడు నిమిషాలు. పొద్దున ఆరింటికి బోర్డుకి ఎక్కే బిళ్ళతో మొదలుపెట్టాడు. 12:05 ఫోన్ గురించి, కిలోమీటరున్నర గురించి, పులుసు గురించి చెప్పాడు. రూఫిన్ పేరు చెప్పలేదు, ల్యాంప్ రూమ్ నుంచి అన్నాడు. మేనేజర్ ఏమన్నాడో చెప్పి, అయినా కాళ్ళు నావే అన్నాడు. శనివారం కొట్టిన గోల్ కుచెరాకి కాదని చెప్పాడు. అలోయ్ కుచెరా తనని వెతుకుతూ పోయాడని, తాను అక్కడ లేనని చెప్పి ఆపాడు.

హాల్లో వెనక నుంచి ఎవరో ఒకే మాట అడిగారు.

“నలభై ఏళ్ళు ఏం చేశావురా?”

ఎవాల్డ్ మైకు స్టాండులో పెట్టి పక్క మెట్లు దిగాడు. అతను మాట్లాడటం అయ్యాక వాయించాల్సిన బ్యాండు సైగ కోసం దారియుష్ వైపు చూసింది. దారియుష్ సైగ చేయలేదు. ఎవాల్డ్ నడిచి వస్తుంటే జనం దారి ఇచ్చారు. ఎవరూ చెయ్యి చాపలేదు. మూడో వరస దగ్గర అతను ఆగాడు. హిల్డా వేదిక వైపే చూస్తోంది. అతను బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు హిల్డా ఇంటికి ఓ పొరుగామె వెళ్ళింది. పొయ్యి పక్క గోడకి మేకు మాత్రమే ఉందని ఆమె చెప్పింది. ఫోటో ఏమైందో తెలియదు.

డిసెంబర్ 16న క్లబ్బు కమిటీ కూర్చుంది. స్టాండు పేరు సంగతి వాయిదా వేసింది. ఎవాల్డ్ తన గని దుస్తులు, టోపీ క్లబ్బు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. డిసెంబర్ 20న హిల్డా కుచెరా ఆఫీసుకి వచ్చి బిళ్ళ ఇచ్చింది. మ్యూజియంలో పెట్టమంది. పక్కన ఏం రాయమంటారని దారియుష్ అడిగితే కార్డు తీసుకుని తనే రాసింది.

మ్యూజియం 2020 జనవరి 11, శనివారం తెరిచారు. మూడో అద్దాల పెట్టెలో ఇత్తడి బిళ్ళ ఉంది. కార్డు మీద నీలం సిరాతో మూడు ముక్కలున్నాయి: 1147. ఎవాల్డ్ గావ్లిక్. 1979 మార్చి 14న ఇతను కింద లేడు.